మోటారు లాగుతుంది సరే, మనిషేం చేస్తున్నాడు?

నడుస్తున్న బోటు వెనక ఎరలు లాగుతూ చేపలు పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు. దాని మీద ఒక పాత అపవాదు ఉంది: అది చేపలు పట్టడం కాదు, బోటు షికారు అని. ఏప్రిల్‌లో ఒహాయోలోని మామీ నదిలో నడుంలోతు నీళ్ళలో నిలబడి, చలికి వణుకుతూ గాలం విసిరేవాళ్ళు ఈ మాట కాస్త గర్వంగానే అంటారు. రాజమండ్రి నుంచి వచ్చిన మా బావమరిది అయితే గంటసేపు చూసి మొహం మీదే అడిగేశాడు. "బావా, మోటారు లాగుతోంది. రాడ్లు హోల్డర్లలో నిలబడ్డాయి. నువ్వేమో కాఫీ తాగుతున్నావు. ఇందులో నువ్వు పట్టేదేముంది?" నేను జవాబు మొదలుపెట్టేలోపు ఎడమవైపు లైనుకి తగిలించిన బోర్డు, అంటే తేలే పలక, వెనక్కి జారింది. చేప తగిలిందన్నమాట, మాట అక్కడితో ఆగిపోయింది.

నా వాదన ఏమిటంటే, అమెరికా, కెనడాల మధ్య ఉన్న ఈరీ లాంటి పెద్ద సరస్సులో వాలై అనే చేప కోసం చేసే ట్రోలింగ్‌లో ఉన్నంత లెక్క మరే గాలం వేటలోనూ లేదు. చేప ఎందుకు పడిందో, ఎందుకు పడలేదో కారణం చెప్పగలిగేది ఇందులోనే. గాలం విసిరి పట్టినవాడికి చేప దొరుకుతుంది. ట్రోలింగ్ చేసినవాడికి చేపతోపాటు ఆ కారణం కూడా దొరుకుతుంది, ఓపిక ఉంటే.

ముందు సరస్సు సంగతి చెప్పాలి. ఒహాయోకి కొత్తగా వచ్చిన మనవాళ్ళు క్లీవ్‌లాండ్ ఒడ్డున నిలబడి "ఇది సముద్రం కాదా?" అని అడగడం మామూలే. పొడవు దాదాపు 388 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నం దూరం కంటే ఎక్కువ. బాగా వెడల్పు ఉన్నచోట 92 కిలోమీటర్లు, అవతలి ఒడ్డు కెనడా. ఇంత ఉన్నా గ్రేట్ లేక్స్ ఐదింటిలో లోతు తక్కువది ఇదే. టొలీడో వైపున్న పడమటి భాగం సగటు లోతు 24 అడుగులు, క్లీవ్‌లాండ్ ముందున్న మధ్య భాగం 60 అడుగులు, తూర్పున ఒకచోట మాత్రం 210 అడుగుల దాకా పోతుంది. లోతు లేదు కాబట్టి త్వరగా వేడెక్కుతుంది, మేత ఎక్కువ, చేపలూ ఎక్కువ. లోతు లేదు కాబట్టే గాలి లేస్తే అలలు దగ్గర దగ్గరగా, నిటారుగా వస్తాయి. నైరుతి గాలి గట్టిగా పట్టిందంటే నీళ్ళన్నీ తూర్పు కొసనున్న బఫలో వైపు నెట్టుకుపోయి, రెండు కొసల మధ్య నీటిమట్టంలో రెండు మీటర్లకు పైగా తేడా వచ్చేస్తుంది. ఆ రోజు ఎవరైనా సరే ఇంట్లో ఉండటమే మంచిది.

ఇంత నీళ్ళలో వాలై ఒకచోట కూర్చోదు. మార్చి, ఏప్రిల్ నెలల్లో మామీ, శాండస్కీ నదుల్లోనూ పడమటి భాగంలోని రాతి దిబ్బల మీదా గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత, ముఖ్యంగా పెద్ద ఆడచేపలు, చల్లని నీళ్ళనీ చిన్న చేపల గుంపుల్నీ వెతుక్కుంటూ తూర్పుకి కదులుతాయి. చేపల్లో ధ్వని ట్యాగులు అమర్చి సరస్సంతా రిసీవర్లు దించి గమనించే గ్లాటోస్ అనే వ్యవస్థ ఒకటి ఉంది. టొలీడో దగ్గర గుడ్లు పెట్టిన చేపలు వేసవికి సరస్సు తూర్పు కొసకు పోయి, మళ్ళీ వసంతానికి తిరిగి రావడం దాని ద్వారా తెలిసింది. కొన్ని డెట్రాయిట్ నది మీదుగా హ్యూరన్ సరస్సుకే వెళ్ళిపోతాయి.

అంటే జులైలో లొరేన్ ఊరి ముందు 45 అడుగుల నీళ్ళలో మనకు దొరికే వాలై ఏ రాయికో, ఏ నాచుకో అతుక్కుని ఉండదు. నడి నీళ్ళలో, పైనుంచి 20 అడుగుల దగ్గరో 30 అడుగుల దగ్గరో తేలుతూ, షైనర్లనే చిన్న చేపల గుంపుల వెంట తిరుగుతుంటుంది. అక్కడ లంగరు వేసి గాలం విసరడమంటే, నాలుగు రోడ్ల కూడలిలో నిలబడి తెలిసినవాళ్ళు ఎవరైనా కనపడతారేమో అని చూడటం. కనపడతారు ఒక్కోసారి.

ట్రోలింగ్‌లో ఆ ఎదురుచూపు ఉండదు, మనమే వెళ్తాం. అయితే వెళ్ళడం ఒక్కటే అయితే బావమరిది చెప్పిందే నిజమయ్యేది.

అసలు పని రెండు అంకెల దగ్గర ఉంది. ఎర ఎంత లోతులో ఉంది, ఎంత వేగంతో పోతోంది. ఈ రెండూ చెప్పినంత తేలిక కాదు. బోటు వెనక లాగే క్రాంక్‌బెయిట్‌కి, అంటే చేప ఆకారంలో ఉండే గట్టి ఎరకి, ముందు ప్లాస్టిక్ నాలుక ఉంటుంది, నీళ్ళు దాన్ని కిందికి తోస్తాయి. ఎంత లైను వదిలితే అంత లోతుకి పోతుంది, అదీ ఒక హద్దు వరకే. ఆ పైన లైనుకి నీళ్ళు ఇచ్చే ఒరిపిడి దాన్ని పైకి లాగుతుంది. లైను లావైతే ఒరిపిడి ఎక్కువ, అదే ఎర అదే పొడవులో ఇంకాస్త పైనే ఆగుతుంది. అందుకే ట్రోలింగ్ చేసేవాళ్ళు లైన్ కౌంటర్ ఉన్న రీళ్ళే వాడతారు. రీలు మీద చిన్న కిటికీలో అంకెలు తిరుగుతుంటాయి. ఆ అంకెను నమ్మాలంటే అన్ని రీళ్ళలోనూ లైను ఒకే లావుది, ఒకే మట్టానికి చుట్టి ఉండాలి. రీలు సగం ఖాళీ అయితే ఒక్క చుట్టుకి వచ్చే లైను తగ్గిపోతుంది, అంకె అబద్ధం చెబుతుంది. చలికాలంలో మా ఇంట్లో జరిగే పని ఇదే. రీళ్ళు విప్పడం, చుట్టడం, కొలవడం. మా ఆవిడ దీన్ని పూజ అంటుంది, ఎగతాళిగానే అనుకోండి.

ఎర తనంతట తాను దిగకపోతే బరువు కలపాలి. 50 అడుగులు వదిలి, క్లిప్పుతో ఔన్సో రెండు ఔన్సులో బరువు తగిలించి, మరో 50 అడుగులు వదలడం ఒక పద్ధతి. లేదా డిప్సీ డైవర్ అనే గుండ్రటి పళ్ళెం కట్టడం. అది కిందికీ, పక్కకీ కూడా లాక్కుపోతుంది. ఎంత పక్కకి పోవాలో అడుగున ఉన్న తిప్పుడు బిళ్ళ మీద పెట్టుకోవాలి, పక్కకి ఎక్కువ పోతే లోతు తగ్గుతుంది. సీసం నింపిన లైను ఇంకొకటి. ప్రతి 30 అడుగులకూ రంగు మారుతుంది, కాబట్టి పడవల మీద "ఎంత లైను?" అని అడిగితే "ఐదు రంగులు" అని జవాబొస్తుంది.

ఇక వాలైకి ఒక గుణం ఉంది. పైకి చూసి తింటుంది. నీళ్ళలోకి ధ్వని పంపి చేపల్ని చూపే సోనార్ తెర మీద 28 అడుగుల దగ్గర చేపల గీతలు కనిపిస్తే ఎరని 24 దగ్గర నడపాలి. 32 దగ్గర నడిపితే ఆ గుంపు కింద నుంచి ఊరేగింపు వెళ్ళినట్టే, ఒక్కటీ తల వంచదు. దాని కంటి వెనక టపేటం లూసిడమ్ అనే పొర ఉంటుంది, పిల్లి కంట్లో ఉండేదే. మసక వెలుతురులో, గాలికి కదిలిన నీళ్ళలో తను చూడగలదు, షైనర్లు చూడలేవు. 1980ల చివర్లో నీళ్ళని వడగట్టే జీబ్రా మస్సెల్స్ అనే చిన్న ఆల్చిప్పలు ఓడల నీళ్ళతోపాటు వచ్చిపడ్డాక ఈ సరస్సు నీళ్ళు చాలా తేటపడ్డాయి. ఎండ బాగా ఉన్న రోజు చేప ఇంకా కిందికి దిగుతుంది, బోటుకి దూరంగానూ జరుగుతుంది.

అందుకే ప్లేనర్ బోర్డులు. చేతి పొడవు కూడా ఉండని ఈ పలకని లైనుకి తగిలిస్తే, బోటు కదిలేకొద్దీ లైనుని పక్కకి ఈడ్చుకుపోతుంది. ఎడమవైపు మూడు, కుడివైపు మూడు పెడితే, బోటు చప్పుడుకి దూరంగా ఉన్న చేపల ముందుకి కూడా ఎర వెళ్తుంది. నాకు మొత్తం వేటలో ఇష్టమైనది ఈ బోర్డుల్ని చూడటమే. అల మీద ఊగుతూ వచ్చే బోర్డు ఊపుకి ఒక లయ ఉంటుంది. తెల్ల పెర్చ్ లాంటి చిన్న చేప తగిలితే బోర్డు వరస చెడదు, ఊపు మాత్రం కాస్త బద్ధకంగా మారుతుంది. చూడనివాడు దాన్ని అరగంట లాక్కుంటూనే తిరుగుతాడు. షీప్‌హెడ్ అనే చేప తగిలితే బోర్డు పిచ్చెక్కినట్టు ఎగురుతుంది. మంచి వాలై తగిలితే ఎగరడం ఏమీ ఉండదు. బోర్డు ముక్కు పైకి లేస్తుంది, పక్కనున్న బోర్డుల వరసలోంచి మెల్లగా, బరువుగా వెనక్కి జారుతుంది. అప్పుడు కప్పు పక్కన పెట్టాలి.

బోటు ఆపకూడదు. ఆపితే లైను వదులవుతుంది, వాలై నోట్లోంచి గాలం జారడానికి ఆ ఒక్క క్షణం చాలు. రాడ్డుని పైకీ కిందికీ ఊపకుండా ఒకే తీరున చుట్టుకుంటూ రావాలి, బోర్డు చేతికందగానే ఒకరు దాన్ని విప్పాలి, మళ్ళీ చుట్టాలి, తల ముందుగా వలలోకి తీసుకోవాలి. ఇద్దరికి సరిపోయే పని. ఒక్కడే ఉంటే మూడో చెయ్యి కావాలి.

వేగం సంగతి ఇంకా చెప్పలేదు. ఏప్రిల్‌లో నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు గంటకు 1 మైలు, 1.3 మైళ్ళు. వానపాము గుచ్చి, ముందు తిరిగే రేకు కట్టిన హార్నెస్‌కి కూడా దాదాపు అంతే, రేకు తిరిగితే చాలు. వేసవిలో క్రాంక్‌బెయిట్లకి 2 నుంచి 2.5, స్పూన్లనే లోహపు రేకు ఎరలకి ఇంకాస్త. 1.8కీ 2.1కీ తేడా ఏముంటుంది అని కొత్తవాళ్ళు నవ్వుతారు. మనిషి నడక కంటే తక్కువ వేగాల్లో పాయింటు మూడు అనేది చేపకి పెద్ద తేడానే.

పైగా జీపీఎస్ చూపే వేగం నేల మీది వేగం. ఎరకి తెలిసేది నీళ్ళలో వేగం. ఈరీ సరస్సులో పైనీళ్ళు ఒకవైపు, అడుగునీళ్ళు మరోవైపు పోవడం మామూలే. తూర్పుకి పోతుంటే వరసగా చేపలు పడి, తిరిగి అదే గీత మీద పడమటికి వస్తుంటే ఒక్కటీ పడకపోతే, చేపలు వెళ్ళిపోలేదు. తెర మీద రెండుసార్లూ 2.0 అనే ఉన్నా, కింద ఎర ఒకసారి 1.6తోనూ ఇంకోసారి 2.4తోనూ పోతూ ఉండొచ్చు. ఇది తెలియనివాడు ఎర రంగు మారుస్తాడు.

సరైన వేగం ఏదో సరస్సునే అడిగే ఉపాయం ఒకటుంది, మలుపు. నేరుగా పోతున్నంతసేపూ ఏమీ తగలడం లేదనుకోండి. బోటుని నెమ్మదిగా ఎడమకి తిప్పాలి. మలుపుకి లోపలివైపున్న ఎరలు నెమ్మదిస్తాయి, బరువు కట్టినవైతే కాస్త కిందికి జారతాయి. బయటివైపు ఎరలు వేగం పుంజుకుంటాయి, బరువు కట్టినవి పైకి లేస్తాయి. లోపలి బోర్డుకి చేప పడితే వేగం తగ్గించమని అర్థం, లేదా ఇంకాస్త కింద నడపమని. బయటి బోర్డుకి పడితే పెంచమని. ఇంకో మలుపు తిప్పి, మళ్ళీ అటే పడిందా అని చూసుకుని, అప్పుడు మోటారు సరిచేయాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్ళ బోట్లు పాము పోయినట్టు మెలికలు తిరుగుతూ పోతాయి. మామీ నదిలో రోజంతా గాలం విసిరిన పెద్దమనిషి ఇంత కచ్చితమైన ప్రశ్న ఒక్కటైనా వేశాడా అని నా సందేహం.

రంగు గురించి రెండు ముక్కలే. షాపుల్లో గోడ నిండా ఎరలు వేలాడుతుంటాయి, ఒక్కోదానికి అరవై రంగులు, ఒక్కో రంగుకీ ఒక ముద్దుపేరు. లోతు, వేగం సరిగ్గా ఉన్నాక రంగు పనికొస్తుంది, కాదనను. ఆ రెండూ కుదరనప్పుడు ఏ రంగూ కాపాడదు. ఆ గోడ చేపల కోసం కంటే మన కోసం కట్టిందే ఎక్కువ.

అపవాదులో నిజం లేదా అంటే, ఉంది. డబ్బు కట్టి ఎక్కే చార్టర్ బోటు మీద అది పూర్తిగా నిజం. కెప్టెన్ వేగం చూస్తాడు, సహాయకుడు లైన్లు దించుతాడు, బోర్డు జారగానే రాడ్డు తీసి టికెట్ కొన్నవాడి చేతిలో పెడతాడు. ఆయన చుట్టుతాడు, ఫొటో దిగుతాడు. అక్కడ చేప పట్టింది కెప్టెన్. ఈ చార్టర్లనే చూసినవాళ్ళు ట్రోలింగ్ అంటే ఇంతేనని అనుకోవడంలో వింత లేదు. వేట చేసినవాడికీ, వేట చూసినవాడికీ తేడా చెప్పకుండా పద్ధతినే తప్పు పట్టడం మాత్రం సరికాదు.

ఇంకో తమాషా ఉంది. ట్రోలింగ్‌ని యంత్రాల వేట అని ఈసడించే కొందరు ఇప్పుడు లైవ్ సోనార్ పెట్టుకుని గాలం విసురుతున్నారు. తెర మీద ఒక్కొక్క చేపా కదులుతూ కనిపిస్తుంది, ఎర దాని ముందు పడటం కనిపిస్తుంది, అది వచ్చి ముట్టుకుని వెనక్కి పోవడమూ కనిపిస్తుంది. అదీ ఒక నైపుణ్యమే, ఒప్పుకుంటాను. కాకపోతే కళ్ళెదుట సినిమా చూస్తూ పట్టేవాడు, కనపడని ఎరని లెక్కతో నడిపేవాణ్ణి పట్టుకుని "నువ్వు యంత్రాన్ని నమ్ముకున్నావు" అనడం బాగోదు.

నిజంగా ఆలోచించాల్సిన అభ్యంతరం వేరే. ట్రోలింగ్ మరీ బాగా పనిచేస్తుంది. బోట్ల దండు మొత్తం ఇలా లెక్కగట్టి పడితే సరస్సులో చేపలు మిగులుతాయా? ఈ భయం ఊరికే వచ్చింది కాదు. ఈరీ సరస్సు ఒకసారి ఆ అంచు చూసింది. వాలైకి దగ్గరి చుట్టం బ్లూ పైక్ ఈ సరస్సులో విపరీతంగా దొరికేది, వలలకీ కాలుష్యానికీ బలైపోయి చివరికి అంతరించింది. 1969లో కయహోగా నది మీద తేలిన చమురుకి నిప్పంటుకుంది. 1970లో చేపల్లో పాదరసం ఎక్కువగా కనిపించి వాలై వేట ఆపేయాల్సి వచ్చింది. 1972లో అమెరికా స్వచ్ఛ జల చట్టం, అదే ఏడు అమెరికా, కెనడాల మధ్య నీటి నాణ్యత ఒప్పందం వచ్చాయి. ఆ తర్వాతే కోలుకోవడం మొదలైంది.

ఇవాళ ఎన్ని వాలైలు పట్టొచ్చో ఏటా లెక్కగట్టి చెప్పేది గ్రేట్ లేక్స్ ఫిషరీ కమిషన్ కింద పనిచేసే ఈరీ సరస్సు కమిటీ. ఆ మొత్తంలో ఒహాయోకి సుమారు 51 శాతం, కెనడాలోని ఒంటారియోకి 43, మిషిగన్‌కి 6. ఒంటారియో తన వాటాని చాలామటుకు గిల్‌నెట్లతో, అంటే చేప మొప్పలు చిక్కుకునే వలలతో, వ్యాపారానికి పడుతుంది, ఒహాయో వాటా గాలాలవాళ్ళది. ఒహాయోలో మనిషికి రోజుకి ఆరు చేపలు, ఒక్కోటీ 15 అంగుళాలకి తగ్గకూడదు. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. అది క్యాలెండర్ పెట్టిన హద్దు. ఇక్కడిది తలలు లెక్కపెట్టి పెట్టిన హద్దు. మన సముద్రంలో తలలు లెక్కపెట్టడం కష్టం కాబట్టి క్యాలెండరే దిక్కు. సరస్సులో కుదురుతుంది. చేప తలకి లెక్క ఉన్నప్పుడు దాన్ని ట్రోలింగ్‌తో పట్టావా, గాలం విసిరి పట్టావా అన్నది సరస్సుకి పట్టదు.

సరస్సుకి పట్టేది వేరే ఉంది, ఏ ఏడు పిల్లలు బతికాయి అన్నది. 2003లో పుట్టిన తరం ఏళ్ళ తరబడి ఈ వేటని పోషించింది. ఆ తర్వాత చాలాకాలం బోసిగా గడిచి, 2015లో, 2018లో మళ్ళీ పెద్ద తరాలు వచ్చాయి. ఇప్పుడు బోట్లు నిండుగా వస్తున్నాయంటే ఆ వసంతకాలాల చలవే, మన ప్రతాపం కాదు. మామీ పరివాహకంలోని పొలాల నుంచి కొట్టుకొచ్చే భాస్వరం, దానితో పెరిగే విషపు నాచు ఇంకా అలాగే ఉన్నాయి. 2014 ఆగస్టులో టొలీడోలో మూడు రోజులపాటు కొళాయి నీళ్ళు తాగొద్దని చెప్పాల్సి వచ్చింది ఆ నాచు వల్లే.

కాబట్టి ట్రోలింగ్ చేసేవాణ్ణి ఎవరైనా నిలదీయాలంటే చిన్నవి వదిలేసి పెద్దవాటి కోసం తిరగడం మీద నిలదీయాలి. వేసవిలో 40 అడుగుల లోతునుంచి పైకి లాగిన వాలై గాలి తిత్తి ఉబ్బిపోతుంది. ఆ గాలిని అది త్వరగా వదులుకోలేదు. నీళ్ళలో వదిలినా అన్నీ బతకవు. పట్టిన 17 అంగుళాల చేపని వదిలి 28 అంగుళాలదాని కోసం మళ్ళీ మళ్ళీ లాగేవాడు ఆరు దాటకుండానే సరస్సుకి ఆరు కంటే ఎక్కువ ఖర్చు పెడుతున్నాడు. 28 అంగుళాలకి రాష్ట్రం ఫిష్ ఒహాయో గుర్తింపు ఇస్తుంది, అందుకే ఆ అంకె మీద అంత మోజు. ఆ పొడవు చేప చాలామటుకు ఏళ్ళుగా గుడ్లు పెడుతున్న ఆడచేపే.

బరువు పిచ్చి ఎక్కడికి పోతుందో 2022 సెప్టెంబరులో లోకమంతా చూసింది. క్లీవ్‌లాండ్‌లో జరిగిన వాలై పోటీలో గెలిచినవాళ్ళ చేపలు ఉండాల్సిన దానికంటే బాగా బరువు తూగడంతో నిర్వాహకుడు అక్కడికక్కడే కోయించాడు. కడుపుల్లో సీసం గుండ్లు, వేరే చేపల ముక్కలు. ఇద్దరు నేరం ఒప్పుకుని 10 రోజులు జైలుకి పోయారు, బోటు కూడా పోయింది.

తినడానికైనా చిన్నవే మేలు. 16, 18 అంగుళాల వాలై ముక్క తెల్లగా, ముల్లు లేకుండా, నీచు వాసన లేకుండా ఉంటుంది. కారం, పసుపు, అల్లంవెల్లుల్లి పట్టించి పెనం మీద వేపితే పండుగప్పని తలపిస్తుంది. పులుసుకి మాత్రం తోలు తీసిన ఫిల్లెట్ పనికిరాదు, చింతపండు రసంలో విరిగి ముద్దవుతుంది. ముల్లుతో అడ్డంగా కోసిన ముక్కలే వేయాలి. బుగ్గల్లో రూపాయి బిళ్ళంత గుండ్రటి మాంసం ఉంటుంది, కోసేవాళ్ళు చాలామంది పారేస్తారు. పారేయకండి.

ఈ వేసవికి ఆఫీసు స్నేహితులతో చార్టర్ ఎక్కే ఆలోచన ఉంటే ఒక సలహా. రాడ్డు చేతికిచ్చేదాకా కూర్చోకండి. కెప్టెన్ పక్కకి వెళ్ళి వేగం ఎంత పెట్టారు, ఎంత లైను వదిలారు, ఈ చేప మలుపుకి లోపలివైపు పడిందా బయటా అని అడగండి. చాలామంది సంతోషంగా చెబుతారు, రోజూ ఫొటోలే అడిగించుకుని విసిగిపోయి ఉంటారు పాపం. మలుపు అంటే ఏమిటని ఎదురు అడిగేవాడైతే వచ్చే ఏడు వేరే బోటు చూసుకోండి.